కార్యదర్శి వార్షిక నివేదిక, 2024–25: కడప

సభ్యులందరికీ, ముఖ్యంగా ప్రొద్దుటూరు, బద్వేలు, జమ్మలమడుగు నుంచి పొద్దున్నే బస్సెక్కి వచ్చిన కుటుంబాలకు నమస్కారం. 2024 ఏప్రిల్ నుంచి 2025 మార్చి వరకు మన హిమోఫీలియా (దెబ్బ తగిలితే రక్తం సరిగా గడ్డకట్టని, వంశపారంపర్యంగా వచ్చే జబ్బు) కుటుంబాల సంఘం చేసిన పనుల నివేదికను సర్వసభ్య సమావేశం ముందు ఉంచుతున్నాను.

ఏటా చేసే పనులు ఈసారీ ఆగలేదు. కీళ్లు బిగిసిన పిల్లలకు ఫిజియోథెరపీ శిబిరాలు పెట్టాం. వైకల్య ధ్రువపత్రాలిచ్చే సదరం క్యాంపులకు తోడు వెళ్లాం. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో హిమోఫీలియా పేరు ఉందని కౌంటర్లలో ఇంకా మనమే చెప్పాల్సి వస్తోంది కాబట్టి ఆ పేజీ జిరాక్స్ ప్రతి కుటుంబానికీ ఇచ్చాం. మన పిల్లలు చదివే బడుల్లో టీచర్లను కలిసి దెబ్బ తగిలితే ఐసు పెట్టాలని, ఆస్పిరిన్ ఇవ్వకూడదని, కండకు సూది వేయించకూడదని చెప్పి వచ్చాం.

ఇక ఈ ఏడాది మనం గర్వంగా చెప్పుకోవాల్సింది ఆడవాళ్ల సభ గురించి. 2024 ఏప్రిల్ 17న, ప్రపంచ హిమోఫీలియా దినం నాడే పెట్టాలనుకున్నాం. అదే రోజు శ్రీరామనవమి వచ్చింది, సగం మంది ఒంటిమిట్టకు వెళ్లారు. పైగా ఎన్నికల కోడ్. దాంతో మే 13న పోలింగ్ అయిపోయాక ఒక ఆదివారం పెట్టుకున్నాం. అబ్బాయిలను ఇళ్ల దగ్గర వదిలి వాళ్ల అక్కచెల్లెళ్లను, పిన్నమ్మలను, మేనత్తలను తీసుకురమ్మని కోరాం. ఇన్నేళ్లూ మన మీటింగులన్నీ అబ్బాయిల మోకాళ్ల వాపుల చుట్టూ, రక్తం గడ్డకట్టడానికి ఇచ్చే ఫ్యాక్టర్ ఇంజెక్షన్ల చుట్టూ తిరిగాయి. జబ్బు మాత్రం ఆడబిడ్డల ద్వారా తరువాతి తరానికి చేరుతూనే ఉంది.

జన్యు వైద్యంలో అనుభవమున్న డాక్టరమ్మ ఒకరు వచ్చి ప్రతి కుటుంబానికీ చార్టు మీద వంశవృక్షం గీయించారు. మగవాళ్లకు చదరం, ఆడవాళ్లకు సున్న. గీస్తుండగానే ఒక పెద్దామె, తన తమ్ముడు చిన్నప్పుడు పన్ను ఊడి రక్తం ఆగక చనిపోయాడనీ, దాన్ని ఇంట్లో గాలి సోకిందని చెప్పుకున్నారనీ అన్నారు. ఆమె కూతుళ్లు, మనవరాళ్లు ముగ్గురు అదే హాల్లో ఉన్నారు. క్యారియర్ అయిన, అంటే జబ్బు కలిగించే జీన్‌ను మోస్తున్న తల్లికి పుట్టే ప్రతి మగబిడ్డకూ జబ్బు వచ్చే అవకాశం సగం, ప్రతి ఆడబిడ్డా క్యారియర్ అయ్యే అవకాశం సగం. జబ్బున్న తండ్రికి పుట్టిన ఆడపిల్లలందరూ క్యారియర్లే. సుమారు మూడో వంతు కేసుల్లో మాత్రం ఇంట్లో ఇంతకుముందు ఎవరికీ లేకుండానే కొత్తగా వస్తుంది. ఇవన్నీ ఆ చార్టు మీద చూశాక చాలామందికి మొదటిసారి అర్థమయ్యాయి.

మన ప్రాంతంలో మేనరికాలు ఎక్కువ కాబట్టి దాని గురించీ మాట్లాడాం. హిమోఫీలియా మేనరికం వల్ల పుట్టే జబ్బు కాదు. అయితే జబ్బున్న మేనమామకు అక్క కూతుర్ని ఇచ్చినప్పుడు ఆ అమ్మాయి కూడా క్యారియర్ అయితే, వాళ్లకు పుట్టే ఆడపిల్లలకు సైతం హిమోఫీలియా వచ్చే ప్రమాదం ఉంది. సంబంధం ఖాయం చేసుకునే ముందే ఇది తెలియాలి. రక్తం గడ్డకట్టని జబ్బుల్లో తల్లిదండ్రులిద్దరి వైపు నుంచీ వచ్చేవి వేరే ఉన్నాయి, వాటికి మేనరికం నేరుగా ముప్పు పెంచుతుంది.

సభకు వచ్చినవారిలో ఒక అమ్మాయి ఆ తర్వాత నెల తప్పగానే మనకు ఫోన్ చేసింది. వాళ్ల అన్నకు వేలూరు సీఎంసీ ఆసుపత్రిలో జీన్ పరీక్ష అంతకుముందే అయివుంది. తీవ్రమైన హిమోఫీలియా–ఎ ఉన్నవాళ్లలో దాదాపు 45 శాతం మందికి ఫ్యాక్టర్ 8 తయారుచేసే జీన్, ఇంట్రాన్ 22 అనే భాగం దగ్గర, తిరగబడి ఉంటుంది. అన్నలో లోపం ఎక్కడుందో రిపోర్టులో ఉండటంతో చెల్లెలు క్యారియరా కాదా అన్నది త్వరగా తేలింది. మూడో నెలలో, అంటే 11 నుంచి 13 వారాల మధ్య, మాయ నుంచి చిన్న ముక్క తీసి చేసే పరీక్షకు వాళ్లు సమయానికి చేరగలిగారు. ఫలితం ఏమిటో, వాళ్లు ఏం నిర్ణయించుకున్నారో ఆ దంపతుల సొంత విషయం. ఈ నివేదికలో రాయను, దయచేసి ఎవరూ అడగొద్దు.

ఇంకో కుటుంబం తమ అమ్మాయికి ఐదో నెల వచ్చాక మన దగ్గరకు వచ్చింది. తమ్ముడికి ఫ్యాక్టర్ పరీక్ష తప్ప జీన్ పరీక్ష ఎప్పుడూ చేయించలేదు. ఆ అమ్మాయి ఫ్యాక్టర్ స్థాయి మామూలుగా ఉందని ఒక ల్యాబ్‌లో చెబితే భయం లేదనుకున్నారు. ఫ్యాక్టర్ మామూలుగా ఉన్నా క్యారియర్ అయి ఉండొచ్చు. ఉమ్మనీటి పరీక్షకు ఇంకా వీలున్నా, ముందు తమ్ముడి జీన్‌లో లోపం వెతకాలి, దానికి వారాలు పడుతుంది. చివరికి పరీక్ష వదులుకుని కాన్పు జాగ్రత్తల మీదే దృష్టి పెట్టారు: ఫోర్సెప్స్, వాక్యూమ్ వాడకుండా ముందే మాట్లాడుకోవడం, బొడ్డుతాడు రక్తంతో బిడ్డ ఫ్యాక్టర్ చూడటం, కాన్పు తర్వాత తల్లికి రక్తస్రావం ఎక్కువ కాకుండా గమనించడం. ఆ అయిదు నెలల్లో ఆ తల్లి పడ్డ టెన్షన్ చూసినవాళ్లెవరూ జీన్ పరీక్ష తరువాత చూద్దామని అనరు.

ఒక స్కానింగ్ సెంటర్‌లో మన సభ్యురాలిని గట్టిగా మందలించి పంపేశారు. లింగ నిర్ధారణ అడుగుతున్నారని అనుకున్నారట. లింగ నిర్ధారణను నిషేధించిన 1994 చట్టం ఆడపిల్లల ప్రాణాల కోసం వచ్చింది, దాన్ని మనం మనస్ఫూర్తిగా గౌరవిస్తాం. అదే చట్టం లింగంతో ముడిపడిన జన్యు వ్యాధుల కోసం రిజిస్టరైన జెనెటిక్ కేంద్రాల్లో రాతపూర్వక సమ్మతితో గర్భస్థ పరీక్షకు అనుమతి ఇస్తోంది. ఇది తెలియని చోట మన ఆడపిల్లలు దోషుల్లా నిలబడాల్సి రావడం న్యాయం కాదు. దీని మీద వివరణ ఇవ్వాలని, కాన్పుల వార్డు ఉన్న చోట ఫ్యాక్టర్ నిల్వ ఉంచాలని సంబంధిత అధికారులకు రాసిన లేఖలకు నేటికీ జవాబు లేదు. వెళ్లిన ప్రతిసారీ సారు మీటింగులో ఉన్నారనే చెప్పారు.

బాధతోనే ఇంకో మాట. సభ కోసం వాలంటీర్లుగా పేర్లిచ్చినవారిలో ఎక్కువమంది ఆ రోజు కనపడలేదు. కుర్చీలు వేసింది, భోజనాలు వడ్డించింది, చంటిపిల్లలను ఆడించింది నలుగురైదుగురే. రాలేమని ముందురోజు చెబితే వేరేవాళ్లను చూసుకునేవాళ్లం. సంబంధాలు చెడిపోతాయని కూతుళ్లను తీసుకురాని తండ్రులనూ అడుగుతున్నాను. ఆ అమ్మాయి అత్తారింట్లో గర్భంతో ఉన్నప్పుడు ఈ విషయం తెలియడం మేలా?

జమాఖర్చులు ఆడిట్ అయ్యాయి. కాగితం మీ చేతుల్లో ఉంది, సందేహాలుంటే కోశాధికారి గారు చెబుతారు. వేలూరు ప్రయాణ సాయం పద్దు అనుకున్నదానికన్నా పెరిగింది, చందాలు మాత్రం తగ్గాయి.

హాలు ఉచితంగా ఇచ్చిన కల్యాణ మండపం యజమానికి, సెలవు రోజున సొంత ఖర్చుతో వచ్చిన డాక్టరమ్మ గారికి, భోజనాలు పెట్టించిన దాతకు, చార్టులు గీసిన నర్సింగ్ విద్యార్థినులకు, ఏ రాత్రి అడిగినా ఫ్రిజ్ తెరిచి ఫ్యాక్టర్ ఇచ్చే మందుల షాపు వారికి, గుమ్మం దగ్గర రిజిస్టర్ రాసిన మన సభ్యుడి భార్యకు సంఘం తరఫున ధన్యవాదాలు. వేలూరు దగ్గరి కాట్పాడి స్టేషన్ నుంచి ఆసుపత్రి దాకా మనవాళ్లకు దారి చూపించి, అరవంలో మాట్లాడిపెట్టిన పాత సభ్యుడికి ప్రత్యేకంగా నమస్కారం.

2025 ఏప్రిల్ 17కి ప్రపంచమంతా ఎంచుకున్న అంశం ఆడవాళ్లకూ రక్తస్రావ జబ్బులు ఉంటాయన్నదే. ఏడాది ముందే కడపలో మనం ఆ పని మొదలుపెట్టాం. వచ్చే సంవత్సరం ప్రతి కుటుంబంలో జబ్బున్న ఒక్కరికైనా జీన్ పరీక్ష పూర్తి చేయించాలని కార్యవర్గం తీర్మానించింది. రిపోర్టు ఉన్నవారు జిరాక్స్ ఇవ్వండి. లేనివారు, ఇంట్లో పెళ్లీడు అమ్మాయి గానీ నెల తప్పిన అమ్మాయి గానీ ఉన్నవారు, భోజనానికి వెళ్లే ముందు రిజిస్ట్రేషన్ బల్ల దగ్గర పేరు రాయించండి.