పాత కంప్యూటర్‌కు వయసు చెప్పే చీటీ ఉండాలి

గౌరవనీయులైన సంపాదకులకు,

నమస్కారం. ఆన్‌లైన్‌లో పాత కంప్యూటర్లు కొనేవారికి ఎదురవుతున్న ఒక ఇబ్బందిని మీ పత్రిక ద్వారా తోటి పాఠకుల దృష్టికీ, కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ దృష్టికీ తేవాలన్నది ఈ లేఖ ఉద్దేశం. నేను తెనాలిలో చాలాకాలంగా ఒక చిన్న డీటీపీ కేంద్రం నడుపుతున్నాను. ఈ మధ్య మా షాపులోని సీపీయూ ఒకటి మూలపడటంతో, దాని స్థానంలో పెట్టుకోవడానికి అలాంటి పాతదే ఆన్‌లైన్‌లో కొనవలసి వచ్చింది.

పాత కంప్యూటర్ కొంటున్నానంటే డబ్బుకు వెనకాడుతున్నాడని అందరూ అనుకుంటారు. డబ్బు సంగతి లేదనను గానీ, మా వృత్తిలో అసలు కారణం వేరే ఉంది. శుభలేఖలు, గృహప్రవేశ ఆహ్వానాలు, పెద్దకర్మ కార్డులు, కరపత్రాలు ఇవన్నీ జిల్లాల్లోని చాలా షాపుల్లో ఇప్పటికీ పేజీలు అమర్చే పేజ్‌మేకర్ అనే పాత సాఫ్ట్‌వేర్‌లో, 'అను' అనే తెలుగు ఫాంట్లతోనే తయారవుతున్నాయి. పేజ్‌మేకర్ చివరి వెర్షన్ అయిన 7.0 విడుదలైంది 2001లో. ఆ తరువాత దాన్ని తయారుచేసిన అడోబీ కంపెనీ దృష్టి ఇన్‌డిజైన్ అనే మరో సాఫ్ట్‌వేర్ వైపు మళ్లింది. మేము మాత్రం మళ్లలేకపోయాం. ఎందుకంటే మా పాత ఫైళ్లన్నీ, ఏ కంప్యూటర్‌లోనైనా అక్షరాలు ఒకేలా చదవగలిగే యూనికోడ్ పద్ధతికి ముందు కాలం నాటి ఫాంట్లలో ఉన్నాయి. ఆ ఫాంటు లేని కంప్యూటర్‌లో తెరిస్తే తెలుగుకు బదులు అర్థం కాని గుర్తులు కనిపిస్తాయి. మార్చిపెట్టే సాఫ్ట్‌వేర్లు ఉన్న మాట నిజమే కానీ, మార్చిన తరువాత ఒత్తులన్నీ మళ్లీ ఒక్కొక్కటిగా చూసుకోవలసిందే. "పెద్దమ్మాయి పెళ్లికి వేసిన కార్డేనండీ, పేర్లూ ముహూర్తమూ మార్చి సాయంత్రానికి ఇవ్వండి" అని వచ్చే వారికి ఈ కథంతా చెప్పి పంపించలేం కదా. అందుకే విండోస్ 7 మీద, ఇంటర్నెట్‌కు కలపకుండా, బట్టర్ పేపర్ తీసే పాత లేజర్ ప్రింటర్‌తో సహా ఒక వ్యవస్థను కాపాడుకుంటూ వస్తున్నాం. విండోస్ 7కు మైక్రోసాఫ్ట్ మద్దతు 2020 జనవరి 14తో ముగిసిందని తెలిసే ఈ పని చేస్తున్నాం.

ఇలాంటి కొనుగోలుదారుకు ఎంత పాతది అన్నదే మొదటి ప్రశ్న. విచిత్రం ఏమిటంటే, అమ్మకపు పేజీలో చాలాసార్లు కనిపించనిదీ అదే. "కోర్ ఐ5, 8 జీబీ ర్యామ్, 500 జీబీ, కండిషన్ సూపర్" అని పెద్ద అక్షరాలతో రాస్తారు. ఇంటెల్ ప్రాసెసర్లకు ఐ5 అనే పేరు 2009 నుంచి ఉంది. 2011లో వచ్చిన ఐ5-2400, 2013లో వచ్చిన ఐ5-4570, 2018లో వచ్చిన ఐ5-8500 మూడూ ఐ5లే. గీత తరువాతి మొదటి అంకె జనరేషన్‌ను, అంటే ఆ ప్రాసెసర్ ఎన్నో తరానిదో చెబుతుంది. ఆ నాలుగు అంకెల సంఖ్యను రాయకుండా ఐ5 అని మాత్రమే రాయడం అంటే చెప్పవలసినది దాచిపెట్టడమే. ఇది మా డీటీపీ వాళ్ల గోల మాత్రమే అనుకోకూడదు. విండోస్ 10కు సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11 ఇన్‌స్టాల్ చేసుకోవాలంటే, ఇంటెల్ విషయంలో దాదాపుగా ఎనిమిదో జనరేషన్ ప్రాసెసరూ, టీపీఎం 2.0 అనే భద్రతా చిప్పూ ఉండాలని మైక్రోసాఫ్ట్ షరతు పెట్టింది. కాబట్టి డిప్లొమా చదివే పిల్లవాడికి ఏడో జనరేషన్‌కూ ఎనిమిదో జనరేషన్‌కూ మధ్య ఉన్న తేడా చాలా పెద్దది. నా అవసరం దానికి సరిగ్గా తలకిందులు: ఏడో జనరేషన్ నుంచి విండోస్ 7కు మద్దతు లేదు కనుక కొత్తది నాకు పనికిరాదు. ఆ మాట ఫోన్‌లో చెబితే ఒక విక్రేత, "ఎనిమిదో జనరేషన్ ఇస్తాను సార్, అంతకన్నా మంచిది, రేటు కూడా పెద్ద తేడా లేదు" అని నన్ను ఊరడించబోయాడు.

వెనుకటి రోజుల్లో విజయవాడ వెళ్లి, లేదంటే సికింద్రాబాద్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్ దాకా వెళ్లి, సైడ్ ప్యానెల్ తీయించి చూసుకుని, కాసేపు నడిపించి తెచ్చుకునేవాళ్లం. ఇప్పుడు ఫొటో చూసి డబ్బు కడుతున్నాం. ఆ ఫొటో కింద చిన్న అక్షరాల్లో "చిత్రం నమూనా కోసం మాత్రమే" అని ఉంటుంది. కొత్త వస్తువుకు నమూనా చిత్రం సరిపోతుంది. ఒకే మోడల్ అయిన ప్రతి డబ్బా ఒకేలా ఉంటుంది. పాత వస్తువు ఒక్కొక్కటీ ఒక్కో తీరుగా అరిగి ఉంటుంది. దానికి నమూనా ఏమిటో నాకు బోధపడలేదు.

నాలుగో జనరేషన్ అని విక్రేత సందేశంలో రాసి ఇచ్చిన తరువాతే నేను డబ్బు చెల్లించాను. అక్కడినుంచి ఎదురుచూపు మొదలైంది. ముందు చూపిన తేదీ ఒకసారి జరిగింది, మళ్లీ జరిగింది. ఆలస్యాన్ని నేను పెద్దగా తప్పుపట్టను. ఇనుప డబ్బా విమానంలో రాదు, రోడ్డు మీద గోదాము నుంచి గోదాముకు మారుతూ వస్తుంది. తప్పుపట్టవలసినది ఆ మధ్యలో మన ఫోనుకు వచ్చే అబద్ధాలను. షాపు తలుపులు బార్లా తీసి, ప్రూఫులు దిద్దించుకునేవాళ్లు వరసగా కూర్చుని ఉన్న మిట్టమధ్యాహ్నం, "మీరు అందుబాటులో లేనందున పార్శిల్ ఇవ్వలేకపోయాం" అని సందేశం వస్తుంది. మరునాడు "చిరునామా అసంపూర్ణం" అంటుంది. బోర్డు మీద ఉన్న నంబరుకు ఒక్క ఫోన్ చేసి ఉంటే పోయేది. రోజుకు ఇన్ని పార్శిళ్లు అని లెక్క కట్టి పరుగెత్తించే ఆ కుర్రాళ్ల మీద నాకు కోపం లేదు. బరువైన డబ్బాను మోసుకుని మేడ మెట్లెక్కడం వాళ్లకూ ఇబ్బందే. కానీ అందని వస్తువుకు కొనుగోలుదారునే కారణంగా చూపే ఆ ఒక్క వాక్యం తరువాత వివాదం వస్తే రికార్డుగా నిలబడుతుంది. చివరికి పార్శిల్ చేతికి అందకముందే "డెలివరీ అయింది" అని నమోదైంది. వాపసు గడువు లెక్క ఆ నిమిషం నుంచే మొదలైందని నాకు తరువాత తెలిసింది.

పార్శిల్ తెచ్చిన అబ్బాయి ముందు ఓటీపీ అడిగాడు. తెరిచి చూశాక చెబుతానంటే, తన యాప్‌లో ఆ సౌకర్యం లేదన్నాడు. తన వంతుగా నిజమే చెప్పాడు. ఖరీదైన కొన్ని ఫోన్లకు ఎదురుగా తెరిచి చూపే పద్ధతి ఉంది కానీ, పాత కంప్యూటర్‌కు దాన్ని వర్తింపజేయలేదు.

అట్టపెట్టెలో థర్మోకోల్ లేదు. నలిపిన వార్తాపత్రికలు కుక్కి ఉన్నాయి. సీపీయూ వెనుక కంపెనీ తాలూకు సీరియల్ నంబరు ఉండే చీటీని గీకేశారు. జిగురు మరక మీద విక్రేత తన వారంటీ స్టిక్కరు అంటించాడు. ఆ నంబరు ఉంటే తయారీ కంపెనీ వెబ్‌సైట్‌లో కొట్టి అది ఎప్పుడు అమ్ముడైందో నిమిషంలో తెలుసుకోవచ్చు. గీకడానికి కారణం వేరే ఊహించలేను. స్విచ్ వేయగానే మొదట తెర మీద తేదీ సరిచేయమంటూ ఎఫ్1 నొక్కమన్న సందేశం వచ్చింది. మదర్‌బోర్డు మీది బిళ్ల బ్యాటరీ అయిపోతే, స్విచ్ వేయగానే కంప్యూటర్‌ను లేపే బయోస్ తనకు మొదటినుంచి తెలిసిన తేదీకి వెళ్లిపోతుంది. అక్కడ కనిపించిన సంవత్సరం 2011. విక్రేత గీకేసిన వయసును యంత్రమే చెప్పేసింది. ప్రాసెసర్ పేరు చూస్తే ఐ5-2400, అంటే రెండో జనరేషన్. ప్యానెల్ తీసి టార్చి వేస్తే, ప్రాసెసర్ పక్కన కరెంటును నిలకడగా ఉంచే కెపాసిటర్లలో రెండింటి తలలు ఉబ్బి ఉన్నాయి, అంటే అవి పాడవుతున్నట్టే. విండోస్ 7 దాని మీద నడుస్తుంది, నిజమే. ఉబ్బిన కెపాసిటర్లతో ఎన్నాళ్లు నడుస్తుందన్నది వేరే సంగతి. పైగా నేను కట్టినది నాలుగో జనరేషన్ ధర.

వాపసు పెడితే, తీసుకువెళ్లడానికి వచ్చిన మనిషి పెట్టె సీలు తెరిచి ఉంది కనుక తీసుకోనన్నాడు. తెరవకుండా లోపల ఏముందో ఎలా తెలుస్తుందని అడిగితే, అది తనకు సంబంధం లేని విషయమన్నాడు. చివరకు విక్రేత రాసి ఇచ్చిన సందేశాన్నీ, తెరుస్తూ తీసిన వీడియోనూ జతచేసి ఆ ఆన్‌లైన్ అమ్మకపు సంస్థ ఫిర్యాదుల అధికారికి రాయడంతో డబ్బు తిరిగి వచ్చింది. అందువల్ల ఈ లేఖలో ఆ సంస్థ పేరు రాయడం లేదు. నా డబ్బు నాకు వచ్చింది. కానీ అదే పేజీలో అదే ఐ5 ఈ రోజుకూ జనరేషన్ లేకుండానే అమ్మకానికి ఉంది.

వాహనం కొనేటప్పుడు ఇలా జరగదు. ఎంత పాత స్కూటరైనా దాని ఆర్సీలో తయారీ నెలా సంవత్సరమూ, ఇంజిన్ నంబరూ, ఛాసిస్ నంబరూ ఉంటాయి. కంప్యూటర్‌కు ప్రభుత్వం ఆర్సీ ఇవ్వాలని నేను కోరడం లేదు. విక్రేత దగ్గర ఉన్న సమాచారాన్నే, అంటే ప్రాసెసర్ పూర్తి సంఖ్య, తయారీ సంవత్సరం, తయారీ కంపెనీ సీరియల్ నంబరు, ఏయే భాగాలు మార్చారన్న వివరం, ల్యాప్‌టాప్ అయితే బ్యాటరీ మిగిలిన సామర్థ్యం, ఇవన్నీ అమ్మకపు పేజీలోనూ బిల్లు మీదా తప్పనిసరిగా రాయించాలంటున్నాను. ఇందుకు కొత్త చట్టం కూడా అక్కరలేదు. వినియోగదారుల రక్షణ (ఈ-కామర్స్) నియమాలు, 2020 ప్రకారం, కొనుగోలుదారు తెలిసి నిర్ణయం తీసుకోవడానికి కావలసిన వివరాలన్నీ విక్రేత ఇవ్వవలసి ఉంది. ప్రకటించిన లక్షణాలు లేని వస్తువును వెనక్కు తీసుకోననడానికి, డబ్బు తిరిగి ఇవ్వననడానికి అతనికి వీలు లేదు. అనివార్యమైన విపత్తు వల్ల కాక చెప్పిన గడువు దాటి వచ్చిన వస్తువుకూ ఇదే వర్తిస్తుంది. ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో తెలియజేసి, నెలలోగా పరిష్కరించవలసిన బాధ్యత ఫిర్యాదుల అధికారిది. పాత కంప్యూటర్ విషయంలో "కావలసిన వివరాలు" అంటే ఏమిటో శాఖ ఒక్క ఉత్తర్వుతో విడమరచి చెబితే చాలు. దానితోపాటు, వాపసు గడువు ఓటీపీ చెప్పి వస్తువు అందుకున్న మరునాటి నుంచి మొదలు కావాలి. సీలు తెరిచిన కారణంతో వాపసు నిరాకరించకూడదు.

ఇంకొక సంగతి. 2023 ఏప్రిల్ 1 నుంచి అమలులో ఉన్న ఈ-వ్యర్థాల నిర్వహణ నియమాల కింద, పాత ఎలక్ట్రానిక్ పరికరాలను బాగుచేసి అమ్మే రీఫర్బిషర్లు కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి పోర్టల్‌లో నమోదు చేసుకోవాలి. ఆ నమోదు సంఖ్యను అమ్మకపు పేజీలో చూపించమంటే, నిజంగా బాగుచేసి అమ్మేవారెవరో, తుడిచి అమ్మేవారెవరో కొంతవరకైనా తేలుతుంది. పక్క షాపు మిత్రుడు కొన్న పాత హార్డ్ డిస్క్‌లో ఏదో కార్యాలయం ఉద్యోగుల జీతాల పట్టికలు బ్యాంకు ఖాతా నంబర్లతో సహా ఉన్నాయి. అతను మంచివాడు కనుక చెరిపేశాడు. బాగుచేయడమంటే ముందు పాత యజమాని సమాచారాన్ని పూర్తిగా తుడిచివేయడం అన్న మాట కూడా ఆ నియమాల్లో చేరాలి.

వ్యాపారులు కాక వ్యక్తులే తమ కంప్యూటర్లను ప్రకటనల ద్వారా అమ్ముకునే చోట ఈ రక్షణలేవీ లేవు. అక్కడ వస్తువు చూడకుండా బయానా పంపించవద్దనీ, డబ్బు మనకు రావడానికి క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి పిన్ కొట్టవలసిన అవసరం ఎప్పుడూ ఉండదనీ మాత్రం పాఠకులకు గుర్తుచేస్తాను. మోసపోతే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కు ఫోన్ చేయాలి. వ్యాపారితో వివాదమైతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది. అక్కడా తెగకపోతే, విక్రేత ఢిల్లీలో ఉన్నా మన జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే కేసు వేయవచ్చు. 5 లక్షల రూపాయల లోపు విలువకు రుసుము కూడా లేదు. ఈ విషయం తెలియకనే చాలామంది నష్టాన్ని దిగమింగుకుంటున్నారు.

ఇంత చవకగా కొన్నప్పుడు ఇన్ని వివరాలు అడగడం న్యాయమా అని విక్రేతలు అంటారు. వస్తువు పాతదని తెలిసే కొంటున్నాం. ఉబ్బిన కెపాసిటర్ ఉంటే ఉందని రాసి, ఆ మేరకు ధర తగ్గిస్తే దాన్నీ కొని మార్పించుకునేవాళ్లు మా వీధిలోనే ఉన్నారు. ఏ సంవత్సరం వస్తువుకు ఎంత కడుతున్నామో డబ్బు కట్టకముందు తెలియాలన్నదే మా కోరిక. మాఘమాసపు ముహూర్తాలు మొదలయ్యేలోగా నాలాంటి చిన్న షాపుల వాళ్లు చాలామంది ఇలాంటి సీపీయూల కోసం వెతుక్కుంటారు కనుక, ఈలోగానే శాఖవారు స్పందించేలా మీ పత్రిక ఈ విషయాన్ని ముందుకు తీసుకువెళ్లాలని మనవి.

భవదీయుడు,
ఒక డీటీపీ కేంద్రం నిర్వాహకుడు,
తెనాలి, గుంటూరు జిల్లా