యాభై ఫారాలు, ఒకే పెన్ను

సంపాదకులకు,

డిగ్రీ మొదటి ఏడాది పరీక్షలు ముగియగానే నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో పిల్లలు రాత అట్టలు పట్టుకుని ఊళ్లలోకి బయల్దేరతారు. కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టులో భాగంగా ఇంటింటి సర్వే చేయాలి. మనస్తత్వ శాస్త్రం, సోషియాలజీ, సోషల్ వర్క్, ఎకనామిక్స్ చదివేవాళ్లకు ఇదే ప్రయోగశాల. కెమిస్ట్రీ పిల్లలకు పిపెట్ పట్టుకోవడం నేర్పిన తర్వాతే ఆమ్లం చేతికిస్తాం. వీళ్లను మాత్రం ప్రశ్న ఎలా అడగాలో నేర్పకుండానే మనుషుల ముందుకు పంపుతున్నాం. రిపోర్టులు దిద్దే కాలంలో ఆ ఫలితం బల్ల మీద కట్టలుగా కనబడుతుంది.

యాభై మందిని అడిగామని చెప్పే రిపోర్టులో 37.4 శాతం అన్న అంకె కనబడిందనుకోండి. యాభైలో ఒక మనిషంటే రెండు శాతం. 36 రావచ్చు, 38 రావచ్చు, 37.4 రావాలంటే మనిషిని ముక్కలు చేయాలి. ఆ ప్రశ్నకు కొందరు జవాబు చెప్పకపోతే లెక్క మారుతుంది, నిజమే. అలాంటప్పుడు ఎంతమంది చెప్పారో పట్టిక కింద రాయాలి. ఫారాలు చూసినా తెలిసిపోతుంది. ఎండలో తిరిగిన కాగితం చెమటకు మెత్తబడి, మూలలు మడతపడి ఉంటుంది. కొట్టివేతలుంటాయి, పక్కన గీకిన ముక్కలుంటాయి, ‘తెలియదు’ అన్న జవాబులు చాలానే ఉంటాయి. చెట్టు కింద కూర్చుని నింపిన కట్టలో యాభై ఫారాలకూ ఒకే పెన్ను, ఒకే చేతిరాత, ‘తెలియదు’ అన్నవాడు ఒక్కడూ ఉండడు.

దీన్ని పిల్లల బద్ధకంగా కొట్టిపారేయడం మాకు సరిగా తోచదు. అరవై ప్రశ్నల ఫారానికి ఇంటికి నలభై నిమిషాలు పడుతుంది. యాభై ఇళ్లంటే అడగడానికే ముప్పై మూడు గంటలు, తిరగడం వేరే. ఇరవై నిమిషాలు దాటేసరికి ఇంటావిడ పొయ్యి వైపు చూస్తుంది, ఆ తర్వాత వచ్చే జవాబులన్నీ ‘ఆఁ, అంతే’లే. ప్రశ్నలు ఇరవై ఐదు మించకూడదు. ఫారం ఖరారు చేసే ముందు, సర్వేలో లేని ఐదారు ఇళ్లలో అడిగి చూడాలి. మనిషి ఎక్కడ ఆగి ‘ఏంటమ్మా, మళ్లీ చెప్పు’ అంటే ఆ ప్రశ్న చెడిందన్నమాట.

ఇక వేళ. మే నెలలో పగలు పదింటికి వెళితే ఉపాధి పనికి పోయినవాళ్లు ఇంకా ఇల్లు చేరరు. వాకిట్లో ముసలివాళ్లే దొరుకుతారు. వాళ్లనే అడిగి ‘గ్రామ ప్రజల అభిప్రాయం’ అని రాస్తే అది ముసలివాళ్ల అభిప్రాయమే అవుతుంది. సాయంత్రం ఐదు నుంచి ఎనిమిది మంచి వేళ. తీరం ఊళ్లలో ఇంకో చిక్కుంది. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం. జువ్వలదిన్నెలోనో కొత్తపట్నంలోనో ఆ రోజుల్లో పోయిన నెల ఆదాయం అడిగితే సున్నా అంటారు. అది అబద్ధమూ కాదు, ఆ ఇంటి ఏడాది బతుకూ కాదు. వేట ఉన్న నెలలు, లేని నెలలు, అప్పు తెచ్చిన నెలలు అని విడగొట్టి అడగాలి.

అన్నిటికన్నా ఎక్కువ చెడేది ఇళ్ల ఎంపిక దగ్గర. బస్సు దిగి రామాలయం వీధిలో మొదలుపెట్టి, యాభై అయ్యేదాకా వరసగా పోతారు. ఎస్సీ కాలనీ ఊరి చివర, యానాదుల ఇళ్లు కాలువ అవతల. అక్కడికి పోయేసరికి ఫారాలు అయిపోతాయి. 400 గడప ఉన్న ఊరు తీసుకుందాం: పెద్ద ఊళ్లో 240, ఎస్సీ కాలనీలో 120, యానాది కాలనీలో 40. యాభైని అదే పాళ్లలో పంచితే 30, 15, 5. ఎక్కడైనా ఎనిమిది ఇళ్లకొకటి. ఒకటి నుంచి ఎనిమిది దాకా చీటీలు వేసి ఒకటి తీయాలి. ఐదు వచ్చిందంటే ఐదో ఇల్లు, పదమూడు, ఇరవై ఒకటి, అలా చివరిదాకా. తాళం ఉంటే పక్కింటికి మారకూడదు. వేర్వేరు వేళల్లో మూడుసార్లు వెళ్లి, అప్పటికీ దొరకకపోతే ‘దొరకలేదు’ అని రాయాలి. ఎప్పుడూ ఇంట్లో ఉండేవాళ్లకూ, పనికి పోయేవాళ్లకూ బతుకుల్లో తేడా ఉంటుంది. పక్కింటికి మారితే ఆ తేడా అంకెల్లోంచి జారిపోతుంది.

యానాది కాలనీలో ఐదు ఇళ్లతో ఏమీ చెప్పలేం. ఇల్లు విడిచి ఇల్లు చొప్పున ఇరవై ఇళ్లు అడిగి ఆ ఫలితం విడిగా ఇవ్వాలి. ఊరంతటి శాతం కట్టేటప్పుడు మాత్రం ఆ ఒక్కో జవాబును పావు వంతుగానే లెక్కేయాలి, లేకపోతే అంకె అటు వాలిపోతుంది. ఎంత జాగ్రత్తగా చేసినా యాభై ఇళ్ల సర్వేలో పదమూడు, పద్నాలుగు శాతం అటూ ఇటూ ఉంటుంది. ‘సగం మంది’ అంటే 37 కావచ్చు, 63 కావచ్చు. ఐదు శాతం తేడాలోకి తేవాలంటే పెద్ద జనాభాలో 384 మంది కావాలి. కాబట్టి పిల్లల రిపోర్టులో దశాంశాలు ఉత్త అలంకారం.

ప్రశ్నల సంగతి. ‘మీ ఊళ్లో రోడ్లు, తాగునీరు బాగున్నాయా?’ అని ఒకే గీత మీద అడుగుతారు. కనిగిరి, పామూరు వైపు రోడ్డు నున్నగా ఉండి, బోరు నీళ్లలో ఫ్లోరైడు ఉన్న ఊరి మనిషి దేనికి జవాబు చెప్పాలి? ‘మీకు ఫ్లోరైడ్ సమస్య ఉందా?’ అనడం కూడా దండగే. నిన్న తాగిన నీళ్లు ఎక్కడివి, ఇరవై లీటర్ల క్యాన్ ఎంతకు కొన్నారు, వారానికి ఎన్ని పడతాయి అని అడగాలి. అభిప్రాయం రోజుకో రకంగా ఉంటుంది, నిన్నటి క్యాన్ మాత్రం గుర్తుంటుంది.

మనస్తత్వ శాస్త్రం పిల్లలు ఇంగ్లిషు ప్రశ్నావళులు దించుకుని ఫోన్లో తెలుగు చేయించుకుంటారు. డిప్రెషన్ అన్న మాటకు నిఘంటువులో అల్పపీడనం అన్న అర్థమూ ఉంది. నవంబరులో నెల్లూరు మనిషిని ‘మీకు అల్పపీడనం ఉందా?’ అంటే ఆకాశం వైపు చూస్తాడు. ‘కుంగుబాటు’ పత్రికల మాట. ఊళ్లో మనిషి నిద్ర పట్టడం లేదంటాడు, గుండె దడంటాడు, తల దిమ్ముగా ఉందంటాడు, దేని మీదా మనసు పోవడం లేదంటాడు. ఒకరు తెలుగు చేస్తే, మూలం చూడని ఇంకొకరు దాన్ని తిరిగి ఇంగ్లిషు చేయాలి. రెండూ పక్కపక్కన పెడితే ఎక్కడ జారిందో తెలుస్తుంది.

కుంగుబాటును అంచనా వేసే పీహెచ్‌క్యూ-9 అనే ప్రశ్నావళిలో గత రెండు వారాల గురించి తొమ్మిది ప్రశ్నలుంటాయి. ఒక్కోదానికి సున్నా నుంచి మూడు, మొత్తం 27. పది, ఆపైన వస్తే డాక్టరు చూడాల్సిన మనిషి అని సూచన మాత్రమే, జబ్బు తేల్చినట్టు కాదు. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017 ప్రకారం క్లినికల్ సైకాలజిస్టు అనిపించుకోవడానికే పీజీ మీద రెండేళ్ల పర్యవేక్షణ శిక్షణతో ఎంఫిల్ గానీ, భారత పునరావాస మండలి (ఆర్‌సీఐ) గుర్తించిన సంస్థ ఇచ్చే అర్హత గానీ అడిగారు. అలాంటిది డిగ్రీ పిల్ల వాకిట్లో నిలబడి ‘మీకు డిప్రెషన్ ఉంది’ అనకూడదు. తొమ్మిదో ప్రశ్న చచ్చిపోవాలనే ఆలోచనల గురించి. దానికి ఎవరైనా ‘ఆఁ, ఉంది’ అంటే ఏం చేయాలో ముందే చెప్పకుండా ఆ ఫారం పిల్లల చేతికివ్వడం మేమొప్పుకోం. ఫారం పక్కన పెట్టి మనిషి చెప్పేది వినాలి, ఒంటరిగా వదిలి రాకూడదు, మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416 కు అక్కడి నుంచే ఫోను కలిపివ్వాలి, వెంటనే గైడుకు, అంటే ప్రాజెక్టు చూసే అధ్యాపకుడికి చెప్పాలి. ఆ ఏర్పాటు లేకపోతే ఆ ప్రశ్నావళే వద్దు.

మొగుడు, అత్త పక్కనుండగా ఆడవాళ్లను తాగుడు గురించి అడిగి, ‘మా ఊళ్లో సమస్య లేదు’ అని రాసుకొచ్చేవాళ్లున్నారు. దూబగుంట నెల్లూరు జిల్లాలోదే. 1992 ప్రాంతంలో అక్కడి ఆడవాళ్లు సారా మీద లేచింది అక్షరాస్యతా తరగతుల్లో తమలో తాము కూర్చుని మాట్లాడుకున్నాకే. ఇలాంటి సంగతులు ఆడపిల్లలే అడగాలి, డ్వాక్రా సమావేశం అయ్యాక విడిగా అడిగితే ఇంకా మేలు.

ఫారం పైనే పేరు, ఫోను, ఆధార్ నంబరు అని గళ్లుంటాయి. వాటిని చూడగానే జనానికి పింఛను గుర్తొస్తుంది. ఆదాయం సగమవుతుంది, ఎకరాలు తగ్గుతాయి, పెళ్లయిన కొడుకు వేరు కాపురం పెట్టేస్తాడు. ఆ గళ్లు తీసేసి ఇంటికో వరస నంబరు వేయాలి. ముందు ఈ నాలుగు ముక్కలు చెప్పాలి: ‘మేం ఫలానా కాలేజీ పిల్లలం. ఇది మా చదువు కోసం. మీ పింఛనుకు, కార్డుకు దీంతో సంబంధం లేదు. ఇష్టం లేకపోతే చెప్పొద్దు, మధ్యలో ఆపమన్నా ఆపేస్తాం.’ ఆ మాట ఇచ్చాక, ఎవరు అడిగినా కాలేజీ ఆ కాగితాలు బయటికివ్వకూడదు.

విక్రమ సింహపురి, ఆంధ్రకేసరి విశ్వవిద్యాలయాలను మేం కోరేది ఖర్చుతో కూడినది కాదు. పరీక్షలకు ముందే రెండు రోజులు శిక్షణ పెట్టించండి: ఒక రోజు తరగతిలో ఒకరినొకరు అడిగి చూసుకోవడం, రెండో రోజు పక్క వీధిలో. ఫారాల సంఖ్యను బట్టి మార్కులివ్వడం మానేయండి, నిజంగా అడిగిన ముప్పై చాలు. ‘దొరకలేదు’, ‘చెప్పనన్నారు’ అన్న లెక్క రాసినవాళ్లకు మార్కులు కోయొద్దు, కలపండి. బైండు చేసిన రిపోర్టుతోపాటు నలిగిన ఫారాలూ జమ చేయించండి. అందులో పదింటికొకటి చొప్పున ఏరి, గైడు ఆ ఇళ్లకు తనే వెళ్లి, పిల్లలు వచ్చారా, ఏం అడిగారు అని కనుక్కున్నాకే మార్కుల పట్టికలో సంతకం చేయాలి.

– సామాజిక శాస్త్రాలు, మనస్తత్వ శాస్త్రం బోధించే కొందరు అధ్యాపకులు,
నెల్లూరు, ఒంగోలు