నడకలో పిక్క ఎప్పుడు బిగుస్తుంది: తొమ్మిదో తరగతి ప్రయోగానికి మీ అనుమతి కోరుతూ

గౌరవనీయులైన తల్లిదండ్రులకు నమస్కారాలు.

నడిచేటప్పుడు కాలి కండరాలు ఏ క్షణంలో పనిచేస్తాయో తొమ్మిదో తరగతి విద్యార్థులు ఈ నెల ఆర్డ్యునో అనే చిన్న ఎలక్ట్రానిక్ బోర్డుతో కొలవబోతున్నారు. పిల్లల కాళ్లకు తీగలు అంటించే ప్రయోగం కనుక, దాని గురించి ముందుగా మీకు వివరించి అనుమతి తీసుకోవడం సబబని భావిస్తున్నాను.

కండరం బిగుసుకునేటప్పుడు అందులో పుట్టే విద్యుత్ సంకేతం చర్మం మీదికి వచ్చేసరికి సాధారణంగా ఒకటి రెండు మిల్లీవోల్టులకు మించదు. ఆర్డ్యునో ఊనో బోర్డు 5 వోల్టులను 1,024 మెట్లుగా విభజించి చదువుతుంది కాబట్టి, ఒక్కో మెట్టు దాదాపు 5 మిల్లీవోల్టులు. అంత చిన్న సంకేతం దానికి ఆనదు. అందుకని మధ్యలో ఒక ఆంప్లిఫయర్ పెట్టి సంకేతాన్ని సుమారు వెయ్యి రెట్లు పెంచుతాం. అంటించేవి ఈసీజీకి వాడే జెల్ స్టిక్కర్లే: పిక్క మీద రెండు సెంటీమీటర్ల ఎడంలో రెండు, మోకాలి కింద కాలి ముందువైపు కండరం మీద మరో రెండు, మోకాటి చిప్ప మీద ఒకటి.

మడమ నేలను తాకగానే ముందు కండరం బిగుసుకుని, పాదం దబ్బున పడకుండా మెల్లగా దించుతుంది. ఒళ్లు ముందుకు సాగి మడమ లేచే వేళకు బిగుసుకునే వంతు పిక్కది అవుతుంది. కాలు గాలిలో ఉన్నంతసేపూ పిక్క దాదాపు ఊరకే ఉంటుంది. వేళ్లు నేలకు రాసుకోకుండా పాదాన్ని ఎత్తిపట్టేది మళ్లీ ముందు కండరమే. ఈ వరుసను పిల్లలు తమ కాళ్లలోనే చూడాలని నా కోరిక. అయితే తీగ ఊగినా తెర మీది గీత ఎగురుతుంది, గదిలోని కరెంటు వల్ల 50 హెర్ట్జ్ (సెకనుకు 50 సార్లు ఊగే) అలజడీ కలుస్తుంది కాబట్టి, పోల్చి చూడటానికి కదలకుండా కూర్చున్నప్పటి రికార్డు ముందుగా తీయిస్తాం.

పరికరాలన్నీ బ్యాటరీతోనే నడుస్తాయి, ల్యాప్‌టాప్‌కు చార్జర్ కూడా తగిలించం. ఆడపిల్లలకు స్టిక్కర్లు ఉపాధ్యాయినులే అంటిస్తారు. ఇది వైద్య పరీక్ష కాదు, చర్మం కింది కొవ్వును బట్టి, స్టిక్కరు అంటించిన చోటును బట్టి గీత ఎత్తు మారుతుంది గనుక, “మావాడి గీత చిన్నగా ఉందేమిటి, బలం లేదా?” అని దయచేసి కంగారుపడవద్దు.

ప్రయోగం రోజున పిల్లల కాళ్లకు నూనె రాయకండి, రాస్తే స్టిక్కర్లు నిలవవు. ప్లాస్టర్ అంటిస్తే దద్దుర్లు వచ్చే పిల్లలుంటే అనుమతి పత్రంలో తప్పక రాయండి. ఇష్టం లేనివారు అంటించుకోనక్కరలేదు, గీతలు చదివే పని వారికి అప్పగిస్తాం. సంతకం చేసిన పత్రాన్ని తరగతి ఉపాధ్యాయులకు పంపగలరు.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయుడు