సెంట్రింగ్ కొట్టకముందే కూర్చొని మాట్లాడుకోవాలి

సంపాదకులు గారికి,

వానలు పట్టేలోపు స్లాబు పడాలని హనుమకొండ, కాజీపేట, హసన్‌పర్తి చుట్టూ ఏ కాలనీలో చూసినా ఇండ్ల పనులు ఉరుకుల మీద నడుస్తాయి. పని ఎక్కడైనా చెడిందంటే ఇంటాయన మేస్త్రీని తిడతాడు. మేస్త్రీ ప్లాను గీసినవాళ్ల మీదికి నెడతాడు. ఆర్కిటెక్టేమో ‘నన్ను పిలిస్తే గదా’ అంటాడు. ముగ్గురు చెప్పేదాంట్లోనూ నిజముంది. సిమెంటు, స్టీలు మంచివే తెచ్చి, పనివాళ్లు చేతగలవాళ్లే అయి, గీసిన చేతికీ కట్టే చేతికీ మధ్య మాట కలవక పగలగొట్టి మళ్లీ కడుతున్న పనులు ఎన్నో. ఈ నష్టాన్ని చాలావరకు ఆపొచ్చు. అందుకే ఈ లేఖ.

ముందుగా పర్మిషన్ ప్లాను సంగతి. 2020లో ఇండ్ల అనుమతుల కోసం వచ్చిన టీఎస్-బీపాస్ చట్టంతో 500 చదరపు మీటర్ల లోపు జాగలో 10 మీటర్ల ఎత్తు వరకు కట్టే ఇంటికి స్వీయ ధ్రువీకరణ మీదే అనుమతి వస్తున్నది. మేలే. కానీ ఆ అనుమతి కోసం గీసిన కాగితంలో ఉండేవి గదులు, చుట్టూ వదలాల్సిన ఖాళీ, రోడ్డు వెడల్పు, విస్తీర్ణం. బీము ఎక్కడ పోతుందో, మెట్టు ఎత్తెంతో, బాత్రూం ఎన్ని అంగుళాలు దిగాలో, దర్వాజ ఎటు తెరుచుకోవాలో అందులో ఉండదు. అయినా చాలా సైట్లలో పని నడిచేది దాంతోనే. స్ట్రక్చరల్ ఇంజినీరు లెక్కలేమో అంతకుముందటి ప్లాను మీద చేసినవి. ఎలక్ట్రీషియన్ దగ్గర వాట్సాప్‌లో వచ్చిన ఫొటో. మేస్త్రీ చేతిలోని కాపీ మీద వాస్తు చూసినాయన పెన్నుతో గీసిన గీత. నలుగురు పనివాళ్లు నాలుగు వేర్వేరు ఇండ్లు కడుతున్నారన్నమాట.

అందుకని సైటు కోసం విడిగా వర్కింగ్ డ్రాయింగులు కావాలి. ప్రతి షీటుకు నెంబరు, తేదీ, ఎన్నో మార్పో రాసి ఉండాలి. కొత్త షీటు ఇచ్చిన రోజే పాతది వెనక్కి తీసుకోవాలి, లేదా దాని మీద అడ్డంగా కొట్టెయ్యాలి. ఫోనులో వచ్చిన ఫొటోను ప్రింటు తీసి దాని మీద స్కేలు పెట్టి కొలవొద్దు. ప్రింటులో సైజు మారుతుంది. రాసిన కొలతే కొలత, రాయకుంటే అడగాలి. ఇంకో మాట ఆర్కిటెక్టులకు. మీ షీట్లు ఇంగ్లిషులో, ఎంఎంలలో ఉంటాయి. మన సుతారి మేస్త్రీ టేపు చదివేది అడుగులు, అంగుళాల్లో. 150 అని ఉన్నదాన్ని 5 అంగుళాలనుకొని వేసేస్తే అది చదివినోడి తప్పొక్కటే కాదు. రెండు కొలతలూ వెయ్యండి, ముఖ్యమైన సూచనలు తెలుగులో రాయండి. సెంట్రింగ్, రాడ్ బెండింగ్ పనులకు బీహార్, ఒడిశా నుంచి వచ్చినవాళ్లు ఉంటే బొమ్మ గీసి చూపండి.

ముహూర్తం ముందు, డ్రాయింగు తర్వాత అన్న పద్ధతి మనకు బాగా అలవాటైంది. శ్రావణం వచ్చిందని ముగ్గు పోస్తారు, గుంతలు తీస్తారు, అప్పటికి పిల్లర్ల సైజులే తేలి ఉండవు. ముహూర్తానికి ఈశాన్యంలో పూజ చేసి ఇటుక పెట్టుకోండి, దానికి ఏ డ్రాయింగూ అక్కర్లేదు. తవ్వకం మాత్రం షీటు చేతికి వచ్చాకే మొదలుపెట్టాలి. వాస్తు చూసే పెద్దమనిషిని కూడా స్ట్రక్చరల్ లెక్కలకు ముందే కూర్చోబెట్టుకోవాలి. పిల్లర్లు లేచాక మెట్లు ఆగ్నేయం నుంచి నైరుతికి జరపమంటే ఆ మెట్ల బరువు కోసం వేసిన బీము ఒకచోట, బరువు ఇంకోచోట అవుతాయి.

ముగ్గు పోసేటప్పుడు ఆర్కిటెక్టు, మేస్త్రీ ఇద్దరూ అక్కడ ఉండాలి. కొలత గోడ అంచు నుంచా, పిల్లర్ సెంటర్ నుంచా? 10 అడుగుల గది ప్లాస్టరింగు అయ్యాక 10 అడుగులా, ఇటుకకు ఇటుకకు మధ్య 10 అడుగులా? ఈ రెండు ప్రశ్నలకు అప్పుడే జవాబు దొరక్కపోతే చివరకు మంచమో బీరువానో గదిలో పట్టదు. మూలమట్టం తేలాలంటే కర్ణం కొలవాలి. 30 అడుగులు, 40 అడుగుల దీర్ఘచతురస్రానికి కర్ణం సరిగ్గా 50 అడుగులు రావాలి, అటుదీ ఇటుదీ రెండూ. మన దగ్గర జాగలు తరచూ ఒక మూల లాగినట్టు ఉంటాయి. అట్లాంటి చోట ఇల్లు ఏ హద్దుకు సమాంతరంగా ఉండాలో తేల్చాల్సింది ఆర్కిటెక్టే. మేస్త్రీ తన అందాజుతో సర్దితే వెనక ఖాళీ తగ్గిపోతుంది. స్వీయ ధ్రువీకరణలో సంతకం పెట్టింది ఇంటాయన కాబట్టి ఆ తప్పు ఆయన మెడకే చుట్టుకుంటుంది.

నేల విషయంలో వరంగల్ చుట్టుపక్కల ఒక లెక్క ఇంకోచోట పనికిరాదు. ఒక కాలనీలో మూడడుగులకే గట్టి మొరం, ఇంకోచోట గుండు, కొంచెం పక్కకు పోతే నల్లరేగడి, చెరువు శిఖం అంచున పోసిన మట్టి. షీటులో 5 అడుగుల లోతని రాసి ఉంటుంది. గుంతలో 3 అడుగులకే రాయి తగులుతుంది. ఆ రాయి ఏటవాలుగా ఉంటే దాని మీదే ఫుటింగు (పిల్లరు కింది పునాది) పోయడం ప్రమాదం, అంచు చెక్కి చదును చెయ్యాలి. రేగడిలో తడికి ఉబ్బి ఎండకు కుంగే పొర దాటి కిందికి పోవాలి. పోసిన మట్టి అయితే అసలు నేల తగిలేదాకా తవ్వాల్సిందే. ఈ మూడింట్లో ఏది చెయ్యాలో గుంత అంచున నిలబడి స్ట్రక్చరల్ ఇంజినీరు చెప్పాలి. ఆయన చూడకుండా పీసీసీ (గుంత అడుగున చువ్వల్లేకుండా పోసే కాంక్రీటు) పోయొద్దు.

బేస్మెంటు ఎత్తు కూడా అంతే ముఖ్యం. 2020 ఆగస్టులో, మళ్లీ 2023 జూలైలో నయీంనగర్, హంటర్ రోడ్డు వైపు ఇండ్లలోకి నీళ్లు వచ్చిన సంగతి ఎవరూ మర్చిపోలేదు. బేస్మెంటును ‘నేల మీద మూడడుగులు’ అని రాస్తే సరిపోదు. ఏ నేల? రోడ్డు మీదనో, కదలని రాయి మీదనో ఒక గుర్తు పెట్టి, ట్యూబ్ లెవల్‌తో అక్కడి నుంచి లెక్క కట్టాలి. రేపు ఆ రోడ్డు మీద ఇంకో వరస సీసీ పడితే ఎంత లేస్తుందో కూడా ఇప్పుడే చూసుకోవాలి.

మెట్ల దగ్గర తప్పు దాదాపు ప్రతి ఇంట్లో ఒకే రకంగా జరుగుతుంది కాబట్టి దాన్ని కొంచెం వివరంగా చెప్పాలి. మేస్త్రీ కాంక్రీటులో అన్ని మెట్లూ సమానంగా, ఆరున్నర అంగుళాలు పోస్తాడు. తర్వాత హాల్లో టైల్సు, దాని కింద మాలు కలిపి 3 అంగుళాలు లేస్తుంది. మెట్ల మీద గ్రానైటు, మాలు కలిపి అంగుళంపావే లేస్తుంది. అప్పుడు కింది మొదటి మెట్టు నాలుగుముప్పావు అంగుళాలకు తగ్గుతుంది, పై అంతస్తులోకి అడుగుపెట్టే చివరి మెట్టు ఎనిమిదింపావు అవుతుంది. కాలు అలవాటు ప్రకారం లేస్తుంది, మెట్టు మాత్రం ఒకటిముప్పావు అంగుళం పైన ఉంటుంది. ముసలివాళ్లు తట్టుకొని పడేది అక్కడే. గ్రానైటు పరిచేటప్పుడు దీన్ని సరిచెయ్యడం ఎవరి వల్లా కాదు. మెట్లకు సెంట్రింగ్ కొట్టకముందే ఏ గదిలో ఏ టైలు, దాని కింద మాలు ఎంత, మెట్ల మీద ఏ రాయి అన్నది ఆర్కిటెక్టు ఖాయం చెయ్యాలి. కాంక్రీటులో మొదటి మెట్టును ఆ తేడా మేర పెంచి, చివరిదాన్ని అంతే తగ్గించి పోయాలి. ఇదే తప్పు దర్వాజ దగ్గరా జరుగుతుంది. లింటెల్ (దర్వాజ మీది అడ్డ బీము) 7 అడుగులని ఉంటే మేస్త్రీ కాంక్రీటు మీది నుంచి కొలుస్తాడు, టైల్సు పడ్డాక దర్వాజ 3 అంగుళాలు పొట్టిదవుతుంది. మందు చాలా చిన్నది. పూర్తయ్యే ఫ్లోరు నుంచి మీటరు ఎత్తున ప్రతి పిల్లరు మీదా ఒక రంగు గీత కొట్టి, కిటికీ, లింటెల్, స్విచ్‌బోర్డు, మెట్టు అన్నీ ఆ గీత నుంచే కొలవాలి.

ఇక స్లాబు. చువ్వలు కట్టడం అయ్యాక కాంక్రీటు పడే దాకా కనీసం ఒక పగలు ఖాళీ ఉంచాలి. చాలా చోట్ల పొద్దున కరెంటు పైపులు పరుస్తారు, పదింటికి మిల్లరు తిరుగుతుంది. ఆ తొందరలో ఏమవుతుందో లెక్క చూడండి. 5 అంగుళాల స్లాబంటే 125 ఎంఎం. చువ్వను కప్పి ఉంచే కాంక్రీటు, అంటే కవరు, పైన 20, కింద 20 తీస్తే 85. కింద రెండు వరసల చువ్వలు 10, 8 ఎంఎంలవి, పైన రెండు వరసలు 8 ఎంఎంలవి తీసేస్తే మిగిలేది 51. ఆ సందులో 25 ఎంఎం పైపు మీది నుంచి ఇంకో పైపు అడ్డంగా పోతే 50 అయిపోయింది, కాంక్రీటుకు చోటే లేదు. స్విచ్‌బోర్డు దిగేచోట అయిదారు పైపులు కట్టగట్టి దింపితే ఆ గీత వెంబడే తర్వాత పగులు తేలుతుంది. పైపులను విడివిడిగా, ఒకదానికొకటి దూరంగా తీసుకుపోవాలంటే ఆర్కిటెక్టు ఇచ్చే ఎలక్ట్రికల్ లేఅవుటు స్లాబుకు వారం ముందే ఎలక్ట్రీషియన్‌కు అందాలి.

బాల్కనీ, సజ్జలకు బలమిచ్చే చువ్వ పైన ఉండేది. పోసేటప్పుడు కూలీల కాళ్ల కింద అది ఒక అంగుళం నలిగి దిగితే, 100 ఎంఎం పనిచేసే లోతు (స్లాబు అడుగు నుంచి ఆ చువ్వ దాకా ఉండే ఎత్తు) 75కు పడిపోతుంది, అంటే బలంలో పావు వంతు పోయినట్టే. పై చువ్వను లేపి పట్టే ఇనుప కుర్చీలు మీటరుకొకటి ఉండాలి, నడవడానికి చెక్కలు వెయ్యాలి. పోసే గంటల్లో ఒక రాడ్ బెండర్, ఒక ఎలక్ట్రీషియన్ పైనే ఉండాలని గుత్త కాగితంలోనే రాసుకోవాలి.

సెంట్రింగ్ విప్పడం మీద గొడవలు అద్దె వల్ల వస్తాయి. కాంక్రీటు పనులకు మన దేశ ప్రమాణమైన ఐఎస్ 456 ప్రకారం, ఆధారాల మధ్య దూరం 4.5 మీటర్ల లోపుంటే స్లాబు కింద సపోర్టులు 7 రోజులు, అంతకు మించితే 14 రోజులు ఉంచాలి. బీములకైతే 6 మీటర్ల వరకు 14, ఆపైన 21. ఇది మామూలు ఓపీసీ సిమెంటు లెక్క. బూడిద వంటివి కలిపిన పీపీసీ సిమెంటు వాడితే ఇంకా కొన్ని రోజులు ఆగాలి, తడపడం కూడా 10 రోజులకు తగ్గొద్దు. ఈ రోజులు ముందే లెక్కేసి అద్దెను గుత్తలో కలుపుకుంటే ఆ గొడవే రాదు.

బాత్రూం విషయానికొస్తే, ప్లానులో కమోడు పెట్టిన చోటే కింద బీము ఉండటం మామూలైపోయింది. ఆర్కిటెక్టు షీటునూ స్ట్రక్చరల్ షీటునూ ఒకదాని మీద ఒకటి పెట్టి ఎండకు పట్టి చూస్తే అయిదు నిమిషాల్లో బయటపడే తప్పు ఇది. చూడకపోతే ప్లంబరు వచ్చి బీమును చెక్కుతాడు, బీము చువ్వల చుట్టూ కట్టిన రింగులు తెగుతాయి. పైపు బీములోంచే పోవాల్సి వస్తే స్ట్రక్చరల్ ఇంజినీరు ఒప్పుకున్న చోట, పోసేముందే స్లీవు (పైపు దూరేందుకు వదిలే గొట్టం) పెట్టాలి. కమోడు మోడలు కూడా స్లాబుకు ముందే తేలాలి. కింది ఫ్లోరులోకి దిగే ఎస్-ట్రాప్ కమోడులో గోడ నుంచి పైపు దూరం 9 అంగుళాలా, 12 అంగుళాలా అన్నది కంపెనీ మోడలును బట్టి మారుతుంది.

అనుమానం వచ్చినప్పుడు మేస్త్రీ ఫోనులో అడుగుతాడు, ఆర్కిటెక్టు బండి మీద పోతూ ‘సరే కానీయ్’ అంటాడు. ఆర్నెల్ల తర్వాత ఆ మాట ఎవరికీ గుర్తుండదు. సైటులో ఒక రిజిస్టరు పెట్టండి. తేదీ, షీటు నెంబరు, ఏ గోడ దగ్గర అనుమానం, జవాబు ఎప్పటిలోగా కావాలి, అన్నీ ఒక్క వరసలో. జవాబు దాని పక్కనే రాసి సంతకం పెట్టాలి. రెండు రోజుల్లో జవాబు రాకపోతే ఆ భాగం ఆపి వేరే పని చేసుకునే హక్కు గుత్తేదారుకు ఉండాలి. ఇంటాయన గోడ జరపమంటే అదీ ఇందులోకే ఎక్కాలి, ఎంత ఖర్చు, ఎన్ని రోజులు అన్న లెక్కతో. 10 అడుగుల నాలుగున్నర అంగుళాల గోడ కూల్చడమంటే నాలుగైదు వందల ఇటుకలు, అందులో దింపిన పైపులు, రెండు రోజుల కూలి. ఆ అంకె కళ్ల ముందుంటే సగం మార్పులు కాగితం మీదే ఆగిపోతాయి.

అసలు చిక్కంతా డబ్బు దగ్గర ఉంది. ప్లాను గీసినందుకే ఫీజు ఇచ్చి, తర్వాత ఆర్కిటెక్టును పిలవరు. పిలిస్తే మళ్లీ డబ్బులడుగుతాడేమోనని మేస్త్రీ కూడా చెప్పడు. ఒప్పందంలోనే సైటుకు ఎనిమిది సార్లు రావాలని రాసి, ప్రతి రాకకూ ఇంతని ఖాయం చేసుకోవాలి. ముగ్గుకు, ఫుటింగు జాలీకి, ప్లింత్ బీముకు, లింటెల్‌కు, స్లాబు చువ్వలకు, గోడల్లో కిటికీ ఖాళీలకు, పైపుల ప్రెషర్ టెస్టుకు, టైల్సుకు ముందు. గుత్తేదారుకు చెల్లింపులు కూడా ఇవే దశలకు ముడిపెడితే ఇద్దరూ ఒకరికోసం ఒకరు ఎదురుచూస్తారు.

మున్సిపల్ కార్పొరేషన్‌కు ఒక విన్నపం. అనుమతి కాగితంతో పాటు ఈ దశల పట్టీని తెలుగులో ఒక పేజీ జత చెయ్యండి. నగరంలో 1959 నుంచీ ఇంజినీర్లను తయారు చేస్తున్న నిట్, పాలిటెక్నిక్‌లు నెలకొక ఆదివారం సగం పూట లేబర్ అడ్డా దగ్గరే డ్రాయింగు చదవడం నేర్పితే మేస్త్రీలు తప్పకుండా వస్తారు. మీ పత్రిక జిల్లా పేజీలో స్లాబుకు ముందు చూడాల్సిన అంశాల పట్టీని కత్తిరించుకునేంత సైజులో, పెద్ద అక్షరాలతో వెయ్యగలిగితే సైటులో సిమెంటు గది తలుపుకు అతికించుకుంటాం.

ఇట్లు,
ఒక సివిల్ ఇంజినీరు, హనుమకొండ