బస్సుకూ ఫుట్‌పాత్‌కూ మధ్య ఆ మూడడుగులు: రవాణా మంత్రి గారికి బహిరంగ లేఖ

తెలంగాణ రవాణా శాఖ మంత్రి గారికి,

నమస్కారం. హైదరాబాద్‌లో మలక్‌పేట నుంచి ఎల్బీనగర్ వైపు పన్నెండేళ్లుగా రోజూ బైక్ మీద వెళ్లొస్తున్నాను. ముందే ఒప్పుకుంటున్నాను, ట్రాఫిక్ ఆగితే సందుల్లో దూరేవాళ్లలో నేనూ ఒకణ్ణి. హ్యాండిల్ పట్టేంత చోటుంటే చాలు, కాళ్లతో నెట్టుకుంటూ సిగ్నల్ దగ్గరికి చేరిపోతాం. రోడ్డు మీద లేన్ల గీతలు మాకు ముగ్గులతో సమానం.

కానీ పోయిన వానాకాలం నుంచి ఒక్క సందులో మాత్రం దూరడం మానేశాను. ఈ ఉత్తరం దాని గురించే.

ఆ రోజు దిల్‌సుఖ్‌నగర్ దాటాక ముందున్న బస్సు ఆగింది. స్టాప్ నిండా ఆటోలు, పండ్ల బండ్లు. డ్రైవర్ పక్కకు తీసే వీల్లేక రోడ్డు మధ్యలోనే ఆపాడు. బస్సుకూ ఫుట్‌పాత్‌కూ మధ్య మూడడుగుల ఖాళీ కనిపించింది. దూరాను. ముందు డోర్ నుంచి ఒక పెద్దావిడ దిగుతోంది, ఒక చేతిలో సంచి, ఇంకో చేత్తో కడ్డీ. ఆవిడ కాలు పెట్టే చోటికి నా ముందు చక్రం వచ్చేసింది. బ్రేక్ వేస్తే బండి జారింది. ఆవిడకు దెబ్బ తగల్లేదు. సంచి చిరిగి టమాటాలు దొర్లాయి. నేను ఎడమ పక్కకు, ఫుట్‌పాత్ మీదికి పడ్డాను. కుడి పక్కకు పడితే బస్సు వెనక టైరు దగ్గర ఉండేవాణ్ణి. ఆవిడ తిట్టలేదు. "ఏం తొందర బిడ్డా?" అంది. నిజానికి ఏ తొందరా లేదు. ఇంటికే పోతున్నా.

ట్రాఫిక్ పోలీసులకు రాయకుండా మీకు ఎందుకంటే, సిటీ బస్సులూ బండి లైసెన్సులూ రెండూ మీ శాఖ కిందివే. 2023 డిసెంబర్ 9న ఆడవాళ్లకు ఉచిత బస్సు ప్రయాణమిచ్చే మహాలక్ష్మి పథకం మొదలైన దగ్గర్నుంచి బస్సుల్లో ఆడవాళ్ల రద్దీ బాగా పెరిగింది. మంచిదే, మా ఇంట్లోవాళ్లూ అందులోనే తిరుగుతున్నారు. అయితే కిక్కిరిసిన బస్సులోంచి దిగే మనిషికి పక్కకు చూసుకునే వీలుండదు, వెనక నుంచి తోస్తుంటారు.

ఇక డ్రైవర్ కూర్చునేది కుడి వైపు. ఎడమ పక్కన ఆనుకుని వచ్చే బైక్ చాలాసార్లు అతని అద్దంలో పడదు. పైగా బస్సు ఎడమకు తిరిగితే వెనక చక్రాలు ముందు చక్రాల బాటలో రావు, ఇంకా లోపలికి కోసుకుంటూ వస్తాయి. ముందు టైరు దాటింది కదా అని ధీమాగా ఉన్నవాడు వెనక టైరుకు దొరుకుతాడు. ఇది నాకు ఒక లారీ డ్రైవర్ చెప్పాడు. లైసెన్స్ పరీక్షలో ఎవరూ చెప్పలేదు. అక్కడ నేను చేసిందల్లా కాలు కింద పెట్టకుండా ఎనిమిది అంకె తిప్పడం.

2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోతే, వాళ్లలో నూటికి 44 మందికి పైగా టూవీలర్ల మీద వెళ్లేవాళ్లే. చట్టం లేక కాదు. మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణ తర్వాత, నిబంధనలకు విరుద్ధంగా ఓవర్‌టేక్ చేయడం కూడా 184వ సెక్షన్ కింద ప్రమాదకర డ్రైవింగ్ కావచ్చు. మొదటిసారికే 1,000 నుంచి 5,000 రూపాయల జరిమానా, జైలు కూడా పడొచ్చు. నాకు వచ్చిన చలాన్లన్నీ హెల్మెట్‌వీ, స్టాప్ లైన్‌వీ. ఈ సందుకు ఒక్కటీ రాలేదు.

సందుల్లో దూరడమే ఆపించమని అడగను. ఈ ఊళ్లో అది అయ్యే పని కాదు. డోర్ తెరిచి ఆగిన బస్సుకు ఎడమ పక్క నుంచి పోయేవాళ్లను మాత్రం పట్టుకోండి. దానికి డోర్ పక్కన ఒక కెమెరా చాలు. అంతకన్నా ముందు స్టాపులు ఖాళీ చేయించండి. బస్సు ఫుట్‌పాత్‌ను ఆనుకుని ఆగితే ఆ సందే ఉండదు.

ఇంకొకటి. స్క్రాప్‌కు పోయే పాత బస్సు ఒకటి లైసెన్స్ టెస్ట్ ట్రాక్ మీద పెట్టించండి. లైసెన్స్‌కు వచ్చిన కుర్రాణ్ణి డ్రైవర్ సీట్లో కూర్చోబెట్టి, వాడి బండినే ఎడమ పక్కన నిలబెట్టి, కనిపిస్తోందా అని అడగండి.

ఇట్లు,
మలక్‌పేట నుంచి ఒక బైక్‌వాలా