ఏఎన్-32 ఆచూకీ దొరికింది, కారణం ఎప్పుడు చెబుతారు?

సంపాదకులకు,

అయ్యా,

2016 జూలై 22 ఉదయం ఎనిమిదిన్నర గంటల వేళ చెన్నై శివారులోని తాంబరం నుంచి పోర్ట్‌బ్లెయిర్‌కు బయలుదేరిన భారత వాయుసేన ఏఎన్-32 రవాణా విమానం బంగాళాఖాతం మీద మాయమైన సంగతి విశాఖపట్నం ప్రజలు మరిచిపోయి ఉండరు. అందులో ఉన్న 29 మందిలో ఎనిమిది మంది మన నగరంలోని నేవల్ ఆర్మమెంట్ డిపోలో, అంటే అందరూ ఎన్‌ఏడీ అని పిలుచుకునే ఆయుధాగారంలో పనిచేసే సివిలియన్ ఉద్యోగులు. వారు యుద్ధానికి వెళ్లలేదు, విహారానికీ వెళ్లలేదు. ప్రభుత్వం అప్పగించిన పని మీద, ప్రభుత్వం ఎక్కమన్న విమానం ఎక్కారు. ఏడున్నరేళ్ల తర్వాత ఆ విమాన శకలాలు సముద్రగర్భంలో కనిపించినట్లు 2024 జనవరి 12న రక్షణ శాఖ ప్రకటించింది. పత్రికలలో కొద్ది రోజులు వార్తలు వచ్చాయి, తర్వాత చర్చ చల్లారింది. విమానం ఎక్కడ ఉందో తెలిసింది కనుక విషయం ముగిసిందన్న భావన ఏర్పడుతున్నట్లు అనిపించి ఈ లేఖ రాస్తున్నాను. ఎక్కడ పడిందన్నది తేలింది కానీ ఎందుకు పడిందన్నది ప్రజలకు ఎవరూ చెప్పలేదు.

అప్పటి వివరాలు కొన్ని గుర్తు చేయడం అవసరం. కె-2743 అనే సంఖ్య గల ఆ విమానంలో ఆరుగురు సిబ్బంది, వాయుసేనకు చెందిన మరో 11 మంది, సైన్యానికి చెందిన ఇద్దరు, నౌకాదళం నుంచి ఒకరు, తీర రక్షక దళం నుంచి ఒకరు, వీరితో పాటు ఎన్‌ఏడీ ఉద్యోగులు ఎనిమిది మంది ఉన్నారు. తొమ్మిది గంటలు దాటిన కొద్దిసేపటికి, సుమారు 23 వేల అడుగుల ఎత్తులో ఉన్న విమానం ఎడమవైపు తిరుగుతూ వేగంగా ఎత్తు కోల్పోయినట్లు చెన్నై రాడార్‌లో నమోదయింది. ఆ తర్వాత పైలట్ల నుంచి ఏ సందేశమూ లేదు. నైరుతి రుతుపవనాల కాలం, అల్లకల్లోలంగా ఉన్న సముద్రం, వేల మీటర్ల లోతు, ఇన్ని ప్రతికూలతల మధ్య నౌకాదళం, వాయుసేన, తీర రక్షక దళం కలిసి వారాల తరబడి గాలించాయి. సముద్ర పరిశోధన నౌకలు సాగర్ నిధి, సముద్ర రత్నాకర్ కూడా పాల్గొన్నాయి. ఆ గాలింపులో ఎవరి చిత్తశుద్ధినీ నేను శంకించడం లేదు. ఫలితం లేకపోవడంతో సెప్టెంబరు మధ్యలో అందరూ మరణించినట్లుగా భావిస్తున్నామని కుటుంబాలకు తెలియజేశారు.

ఆ విమానం ఆచూకీ తెలియడానికి ఏళ్లు పట్టడం వెనుక సాంకేతిక కారణం ఒకటి ఉంది. విమానంలో అత్యవసర సంకేతాలు పంపే ఎమర్జెన్సీ లొకేటర్ ట్రాన్స్‌మిటర్లు ఉన్నాయి కానీ అవి రేడియో తరంగాలతో పనిచేసేవి. రేడియో తరంగాలు సముద్రపు నీటిని దాటి బయటికి రాలేవు కనుక, విమానం మునిగిపోయాక అవి ఉన్నా లేనట్లే. నీటిలో పనికొచ్చేది అండర్‌వాటర్ లొకేటర్ బీకన్. నీరు తగలగానే దానంతట అదే మేల్కొని, సెకనుకు ఒకసారి చొప్పున 37.5 కిలోహెర్ట్జ్ శబ్దాన్ని కనీసం 30 రోజుల పాటు పంపుతూ ఉంటుంది. కె-2743లో అది లేదు.

అది ఉండి ఉంటే ఏం జరిగేదో ఊహించుకోవాల్సిన పని లేదు. అంతకు ఏడాది ముందే, 2015 జూన్ 8 రాత్రి, ముగ్గురు సిబ్బందితో గస్తీకి వెళ్లిన తీర రక్షక దళ డోర్నియర్ విమానం తమిళనాడు తీరంలో కడలూరు సమీపాన సముద్రంలో కూలిపోయింది. దాని బీకన్ పంపిన సంకేతాలను జలాంతర్గామి ఐఎన్‌ఎస్ సింధుధ్వజ్ పసిగట్టింది. నెల రోజులు తిరిగేసరికి దాదాపు కిలోమీటరు లోతు నుంచి దాని ఫ్లైట్ రికార్డర్‌ను, అంటే ప్రయాణ వివరాలు నమోదు చేసే బ్లాక్ బాక్స్‌ను, పైకి తీశారు. ఏఎన్-32 పడిన చోటు అంతకు మూడింతలకు మించిన లోతు కనుక, బీకన్ ఉన్నంత మాత్రాన సులభంగా దొరికేదని నేను అనను. ఆ శబ్దం నీటిలో కొద్ది కిలోమీటర్లకు మించి స్పష్టంగా వినిపించదు. అంత లోతున ఉన్నదాన్ని పట్టుకోవాలంటే వినే పరికరాన్ని నౌక వెనుక పొడవాటి కేబుల్‌తో లోతుకు దించి లాగాలి. అయినా నెల రోజుల పాటు వెతకడానికి ఒక ఆధారమైనా ఉండేది. ఒక డోర్నియర్‌కు ఉన్న సదుపాయం, 29 మందితో నడిసముద్రం దాటే విమానానికి ఎందుకు లేకపోయింది?

ఈ ప్రశ్న 2016లోనే పుట్టింది కూడా కాదు. 1986 మార్చి 25న, సోవియట్ యూనియన్ నుంచి కొత్తగా తెస్తున్న ఏఎన్-32 ఒకటి మస్కట్ నుంచి జామ్‌నగర్ వస్తూ అరేబియా సముద్రం మీద ఆనవాలు లేకుండా పోయింది. అందులో ఉన్నవారి గురించి గానీ విమానం గురించి గానీ ఏమీ తెలియలేదు. అదే రకం విమానం, అదే తీరున, ముప్పై ఏళ్ల తర్వాత మరో సముద్రంలో కనిపించకుండా పోయిందంటే మొదటి ఘటన నుంచి తగినంత నేర్చుకోలేదనే నా అభిప్రాయం. సముద్రం మీదుగా ఎగిరే ప్రతి సైనిక రవాణా విమానానికి ఇప్పుడైనా బీకన్ అమర్చారో లేదో రక్షణ శాఖ పార్లమెంటులో స్పష్టంగా చెప్పాలి. ఇందులో శత్రువుకు ఉపయోగపడే రహస్యమేమీ లేదు.

2024 నాటి ప్రకటన విషయానికి వస్తే, చెన్నైలోని జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ, అంటే ఎన్‌ఐఓటీ, సిబ్బంది లేకుండా తనంతట తాను నడిచే జలాంతర్గత వాహనాన్ని సుమారు 3,400 మీటర్ల లోతుకు పంపి, శబ్ద తరంగాలతో వస్తువులను గుర్తించే సోనార్‌తో శోధించి, ఫోటోలు తీయించింది. చెన్నై తీరానికి సుమారు 310 కిలోమీటర్ల దూరంలో కనిపించిన ఆ శకలాలు ఏఎన్-32వేనని, ఆ ప్రాంతంలో మరే విమానమూ గల్లంతయినట్లు నమోదు కాలేదని ప్రకటనలో ఉంది. మన శాస్త్రవేత్తల పనితనానికి గర్వించాల్సిన సందర్భమది. అయితే ఆ శకలాల నుంచి రికార్డర్లను వెలికితీసే ప్రయత్నం చేస్తారా, చేయరా? చేయకపోతే అది సాధ్యం కాదనా, ప్రయోజనం లేదనా? ఏ సమాధానమైనా సరే, కుటుంబాలకు అధికారికంగా చెప్పడం కనీస బాధ్యత.

అంత లోతు నుంచి రికార్డర్లను తీయడం మానవ సాధ్యం కాని పనేమీ కాదు. 2009 జూన్ 1న రియో డి జనీరో నుంచి పారిస్ వెళుతూ అట్లాంటిక్‌లో కూలిన ఎయిర్ ఫ్రాన్స్ 447 విమానం రికార్డర్లు దాదాపు 3,900 మీటర్ల లోతులో దాదాపు రెండేళ్లు ఉన్నాయి. 2011 మేలో వాటిని పైకి తీసి, అందులోని సమాచారాన్ని చదవగలిగారు. విమానపు వేగాన్ని కొలిచే పిటో గొట్టాలు మంచుతో మూసుకుపోవడం, ఆ తర్వాత పైలట్లు విమానాన్ని అదుపు చేయలేకపోవడం కారణాలని తేలింది. ఆ దర్యాప్తు ప్రపంచవ్యాప్తంగా పైలట్ల శిక్షణను మార్చింది, బీకన్లు పనిచేసే కాలాన్ని 30 రోజుల నుంచి 90 రోజులకు పెంచేలా చేసింది. ఏఎన్-32 రికార్డర్లు ఏడేళ్లకు పైగా ఉప్పునీటిలో ఉన్నాయి కనుక అదే ఫలితం వస్తుందని ఎవరూ హామీ ఇవ్వలేరు. ఆరు వేల మీటర్ల లోతుకు మనుషులను పంపేందుకు మత్స్య-6000 వాహనాన్ని రూపొందిస్తున్న దేశానికి ప్రయత్నించే శక్తి మాత్రం ఉంది.

సైనిక విమాన ప్రమాదాల విచారణ నివేదికలు బయటపెట్టరాదన్న వాదన నాకు తెలుసు. పూర్తి నివేదిక ఇవ్వమని నేను కోరడం లేదు. 2021 డిసెంబరు 8న కూనూరు వద్ద జనరల్ బిపిన్ రావత్ ప్రయాణిస్తున్న హెలికాప్టర్ కూలిన తర్వాత ఐదారు వారాల్లోనే, 2022 జనవరిలో, విచారణలో తేలిన ప్రాథమిక అంశాలను వాయుసేన స్వయంగా ప్రకటించింది. యాంత్రిక లోపమో, విద్రోహమో, నిర్లక్ష్యమో కాదని, వాతావరణం అనూహ్యంగా మారి మేఘాల్లోకి వెళ్లడంతో పైలట్‌కు దిక్కు తోచని స్థితి ఏర్పడిందని చెప్పింది. దేశ భద్రతకు ఏ ముప్పూ రాలేదు, పుకార్లు ఆగిపోయాయి. అత్యున్నత అధికారి విషయంలో పాటించిన ఆ మంచి పద్ధతినే ఆయుధాగారం ఉద్యోగుల విషయంలోనూ పాటించాలి.

ఇక విశాఖపట్నం చేయదగిన పని ఒకటి ఉంది. మన బీచ్ రోడ్డులో 1971 యుద్ధ విజయానికి గుర్తుగా విక్టరీ ఎట్ సీ స్తూపం ఉంది, కురుసుర జలాంతర్గామి ఉంది, 29 ఏళ్లు సేవలందించి 2017లో విరమించిన నౌకాదళ గస్తీ విమానం టీయూ-142 ఉంది. పిల్లలను తీసుకుని వేలాది మంది అక్కడికి వస్తారు. దేశ రక్షణ అంటే విజయాలు, యంత్రాలు మాత్రమే కాదని, ఆ యంత్రాలను నడిపేవారు, మరమ్మతు చేసేవారు, వాటిలో ప్రయాణించేవారు ప్రాణాలు కోల్పోతుంటారని చెప్పే గుర్తు ఒకటి అక్కడ ఉండాలి. యూనిఫాం వేసుకున్నవారిని స్మరించుకోవడానికి దళాలకు తమ సంప్రదాయాలు ఉన్నాయి. సివిలియన్ ఉద్యోగులకు అవి ఎంతవరకు వర్తిస్తాయన్నది అనుమానమే. వారి పార్థివ దేహాలు ఇంటికి రాలేదు కనుక, వెళ్లి ఒక పువ్వు ఉంచడానికి కూడా ఆ కుటుంబాలకు చోటు లేదు.

టీయూ-142 మ్యూజియాన్ని నిర్వహిస్తున్న నగరాభివృద్ధి సంస్థ వీఎంఆర్‌డీఏ, తూర్పు నౌకాదళ కమాండ్ కలిసి ఆ ఆవరణలోనే ఒక శిలాఫలకం ఏర్పాటు చేయాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను. దాని మీద హోదాల తేడా లేకుండా 29 మంది పేర్లూ ఉండాలి. ప్రయాణం మొదలైన చోటు, శకలాలు దొరికిన చోటు, ఆ రెండు తేదీలు తెలుగు, హిందీ, ఇంగ్లిషు భాషల్లో చెక్కించాలి. కుటుంబాల సమ్మతి తీసుకున్న తర్వాతే పని మొదలుపెట్టాలి, ఎందుకంటే కొందరు తమవారి పేరును బహిరంగంగా చూడటానికి ఇష్టపడకపోవచ్చు. నగర ఎంపీ, ఎమ్మెల్యేలు ఈ విషయాన్ని రక్షణ మంత్రి దృష్టికి తీసుకెళ్లి, విచారణ సారాంశాన్ని ముందుగా కుటుంబాలకు, తర్వాత ప్రజలకు తెలియజేసేలా చూడాలని ప్రార్థన.

భవదీయుడు,
ఒక పాఠకుడు,
విశాఖపట్నం