జపనీస్ పుస్తకాల సెట్టు ఎవరు కొన్నా, అరువివ్వాలన్న షరతు ఉండాలి

సంపాదకులకు నమస్కారం.

జపాన్‌లో నర్సు ఉద్యోగాల కోసం మన పిల్లలు ఆ భాష నేర్చుకుంటున్నారన్న వార్తలు మీ పత్రికలో తరచూ చూస్తున్నాను. విదేశీ ఉద్యోగాల సంగతి చూసే తెలంగాణ సర్కారు సంస్థ టామ్‌కామ్ శిక్షణ ఇప్పిస్తోంది, హైదరాబాదులోని ఇంగ్లీషు, విదేశీ భాషల విశ్వవిద్యాలయం ఇఫ్లూలో జపనీస్ చెబుతున్నారు, కందిలో ఐఐటీ ప్రాంగణమే జపాన్ రుణ సాయంతో లేచింది. సంతోషం. వీళ్లలో ఏ ఒక్కరికో ఉద్యోగంతో ఆగకుండా ఆ దేశ చరిత్ర మీదో సాహిత్యం మీదో పరిశోధన చేద్దామన్న బుద్ధి పుట్టిందనుకోండి, చదవటానికి మన దగ్గర ఏముంది?

ఈ సందేహం ఊరికే రాలేదు. ఇరవై రెండేళ్లు అమెరికాలో ఒక విశ్వవిద్యాలయ లైబ్రరీలో, బయటి లైబ్రరీలకు పుస్తకాలు అరువు పంపే విభాగంలో పనిచేసి వచ్చాను. నాకు జపనీస్ రాదు. అంకెలూ, ఓ పాతిక అక్షరాలూ గుర్తుపట్టగలిగేదాన్ని, అంతే. ఆ పుస్తకాలు వచ్చే తీరే వేరు. ఒక్కో సంపుటం విడిగా అట్టపెట్టెలో, పైన ఉల్లిపొరలాంటి కాగితం చుట్టుకుని ఉంటుంది. లోపల మడతపెట్టిన చిన్న కరపత్రం. దాన్ని ‘గెప్పో’ అంటారు. ఆ సంపుటం మీద నలుగురు పండితులు చెప్పుకున్న కబుర్లన్నమాట. అది జారిపోతే మళ్లీ దొరకదు కాబట్టి, పంపేముందు ఉందో లేదో చూసి చీటీ మీద రాసేవాళ్లం. మూడు భాగాల పుస్తకమైతే చాలాసార్లు 1, 2, 3 అని వేయరు. పైది, నడిమిది, కిందిది అని మూడు అక్షరాలు ఉంటాయి. కొత్తలో నేను పైది అడిగినవాళ్లకు కిందిది పంపాను. పది రోజులకు అది భద్రంగా వెనక్కి వచ్చింది. ‘మొదటి భాగం ఇంకా మొదలుపెట్టలేదు, ముగింపు ఇప్పుడే వద్దు’ అని ఒక చీటీ కూడా పెట్టారు.

ఇలా సంపుటాలుగా వచ్చే సెట్ల ఖరీదు తెలిశాక చేతులు వణికాయి. పాత పత్రికల పూర్తి సంచికలు, మెయిజీ కాలపు (1868–1912) సర్కారు కాగితాలు, యుద్ధకాలపు నివేదికలు ఫొటో తీసి ఉన్నవి ఉన్నట్టు అచ్చువేస్తారు. కొనేది దాదాపుగా లైబ్రరీలే కనుక కొన్ని వందల ప్రతులే వేస్తారు. ఒకేసారి కాదు, నాలుగైదేళ్లు విడతలుగా వస్తాయి. అయిపోయాయంటే అయిపోయినట్టే, తిరిగి అచ్చు ఉండదు. ధర లక్షల యెన్లలో మాట. లక్ష యెన్లంటే మన డబ్బులో యాభై ఐదు, అరవై వేల రూపాయలు. పది లక్షల యెన్ల సెట్టు కొనాలంటే ఏ విభాగాధిపతికైనా గుండె జారుతుంది.

అమెరికా వాళ్లకూ జారింది. 1985 సెప్టెంబరులో న్యూయార్కు ప్లాజా హోటల్లో ఐదు దేశాల ఆర్థిక మంత్రులు కూర్చుని డాలరు విలువ తగ్గించాలని ఒప్పుకున్నారు. అప్పుడు డాలరుకు 240 యెన్లు. 1987 ఆఖరుకు 120 దరిదాపులకు వచ్చింది. టోక్యోలో పుస్తకం ధర పైసా పెరగకపోయినా అమెరికా లైబ్రరీకి రెట్టింపయింది. ఆ ఇబ్బందులన్నీ మాట్లాడుకోవటానికి 1991లో స్టాన్‌ఫర్డ్‌లోని హూవర్ సంస్థలో సమావేశమయ్యారు. జపనీస్ గ్రంథ వనరుల సమన్వయ సంఘం అలా పుట్టింది. వాళ్లు దాన్ని ఎన్‌సీసీ అంటారు. మన కాలేజీల్లో ఖాకీ యూనిఫాం వేసుకునే ఎన్‌సీసీ కాదు!

ఈ సంఘం ఖరీదైన బహుసంపుటాల సెట్లకు గ్రాంటు ఇవ్వటం మొదలుపెట్టింది. డబ్బు జపాన్–అమెరికా మైత్రీ కమిషన్‌ది. ఆ కమిషన్ 1975 చట్టంతో ఏర్పడింది. దాని మూలధనం ఎక్కడిదంటే, యుద్ధం తర్వాత అమెరికా చేతిలో ఉన్న ఒకినావా దీవులను 1972లో జపాన్‌కు తిరిగి ఇచ్చినప్పుడు అక్కడి కట్టడాలకుగాను, యుద్ధానంతర సాయానికిగాను జపాన్ తిరిగి చెల్లించిన సొమ్ములో కొంత. యుద్ధం బాకీ పుస్తకాలయిందన్నమాట.

నేను చెప్పదలచుకున్నది గ్రాంటు గురించి కన్నా దాని వెనకున్న షరతుల గురించి. ఖరీదంతా ఇచ్చేవారు కాదు, కొంత వాటా లైబ్రరీ పెట్టుకోవాల్సి వచ్చేది. అరుదుగా దొరికే సెట్టయి ఉండాల్సి వచ్చేది, పక్క లైబ్రరీలో ఉన్నదే మళ్లీ కొంటామంటే కుదిరేది కాదు. కొన్నాక దేశంలో ఎవరడిగినా అరువివ్వాల్సిందే. ఈ చివరి షరతుతోనే మా విభాగానికి పని ఉండేది. ఒక ఊళ్లో కొన్న సెట్టు రెండువేల మైళ్ల అవతల, జపనీస్ చదివేవాడు ఒక్కడే ఉన్న చిన్న కాలేజీకి వెళ్లేది. వాడు ఆ ఒక్కడే కదా అని ఎవరూ అనలేదు.

మన తెలుగు పుస్తకాలది కూడా ఇలాంటి కథే. అమెరికా పంపిన పి.ఎల్. 480 గోధుమలు మా తరానికి గుర్తే. ఆ గోధుమల తాలూకు రూపాయలు మన దేశంలోనే పోగుపడితే, అందులో కొంత పెట్టి 1962 నుంచి లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ ఢిల్లీ కార్యాలయం భారతీయ భాషల పుస్తకాలు కొని అమెరికా విశ్వవిద్యాలయాలకు పంపింది. మా లైబ్రరీ నాలుగో అంతస్తులో ఒక తెలుగు బీరువా ఉండేది. విజయవాడలో నాసిరకం కాగితం మీద అచ్చయిన నవలలకు గట్టి అట్ట వేయించి, వెన్ను మీద రోమను లిపిలో పేరు కొట్టించి పెట్టారు. వాటిలో కొన్ని ఇవాళ విజయవాడలో వెతికినా దొరకవు. జపాన్ వాళ్లకూ ఈ గతి తప్పలేదు. యుద్ధంలో ఓడాక 1945 నుంచి 1949 దాకా అమెరికా ఆక్రమణ సైన్యపు సెన్సారు చేతిలో పడ్డ ప్రచురణలు, 13,800 దాకా పత్రికలు, 18,000 దాకా వార్తాపత్రికలు, మేరీల్యాండ్ విశ్వవిద్యాలయంలో ఉన్నాయి. వాటి మైక్రోఫిల్ములు తీస్తే గానీ టోక్యో పరిశోధకుడికి సొంత ఊరి పత్రిక దొరకలేదు.

ఇక మన సంగతి. జేఎన్‌యూ, ఢిల్లీ విశ్వవిద్యాలయం, శాంతినికేతన్, ఇఫ్లూ లాంటి కొద్ది చోట్లే జపనీస్‌లో పై చదువులు నడుస్తున్నాయి. ఎవరి బడ్జెట్ వాళ్లది, ఎవరి బీరువా తాళం వాళ్లది. సర్కారు విద్యాసంస్థల వాళ్లంతా పరిశోధన పత్రికలు ఆన్‌లైన్‌లో చదువుకునేలా చందా కట్టే ‘వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్’ పథకానికి కేంద్రం 2024 నవంబరులో మూడేళ్లకు 6,000 కోట్లు మంజూరు చేసింది. ముప్పై ప్రచురణ సంస్థలు, దాదాపు 13,000 పత్రికలు. మంచి పనే, కాదనను. అయితే జాబితా చూడండి, దాదాపు అంతా ఇంగ్లీషే. జపనీస్ డేటాబేసు ఒక్కటీ లేదు. చైనా, కొరియా, ఫ్రెంచి చదివేవాళ్ల గోడు కూడా ఇదే అయి ఉంటుంది.

‘ఇంటిపన్నుతో పాటు రూపాయికి ఎనిమిది పైసలు గ్రంథాలయ సెస్సు కట్టించుకుని, అది గ్రంథాలయ సంస్థలకు సరిగా చేర్చలేని చోట జపనీస్ సెట్లా?’ అని మా ఇంట్లోనే అడిగారు. న్యాయమైన ప్రశ్నే. మా వీధి గ్రంథాలయంలో వారపత్రిక కోసం నేనూ వంతు కాసేదాన్నే. సెస్సు డబ్బు ముట్టుకోమని అనటం లేదు. ఆ 6,000 కోట్ల పథకం మరో విడతకు పొడిగించినప్పుడు, ఇంగ్లీషు కాని భాషల పరిశోధన సంకలనాలకు అందులో ఒక చిన్న పద్దు తెరవమంటున్నాను. నిర్వహణ విశ్వవిద్యాలయ లైబ్రరీలను కలిపే కేంద్ర సంస్థ ఇన్‌ఫ్లిబ్‌నెట్ చూసుకోవచ్చు. ఏ సెట్టు ఏ విశ్వవిద్యాలయం కొనాలో అందరూ కలిసి పంచుకోవాలి, కొన్నది కేటలాగులో కనిపించాలి, ఏ జిల్లా కాలేజీ అడిగినా పంపాలి. పంపనన్న లైబ్రరీకి మరుసటేడు గ్రాంటు ఇవ్వకూడదు.

ఇంకొక్క మాట. 2024లో డాలరుకు 160 యెన్లు దాటాయి.  కొనేదేదో యెన్ అలా చవకైన రోజుల్లోనే కొనాలి. కొన్నాక, ఏ హనుమకొండ కాలేజీకో పార్సిల్ కట్టే పిల్లకు పైది, నడిమిది, కిందిది అన్న మూడక్షరాలు మాత్రం ముందే నేర్పండి.

– విశ్రాంత లైబ్రరీ ఉద్యోగిని, హనుమకొండ